కరుగేటెడ్ ప్లాస్టిక్ షీట్‌తో ఆర్‌సి విమానం: మొదటి మోడల్ ఎలా కట్టాలి

ప్రచార బోర్డులకు వాడే కరుగేటెడ్ ప్లాస్టిక్ షీట్ మీరు చూసే ఉంటారు. పైనా కిందా రెండు పల్చటి పొరలు, వాటి మధ్య వరుసగా సన్నటి గొట్టాలు. కొందరు కోరోప్లాస్ట్ అంటారు, కొందరు సన్‌ప్యాక్ షీట్ అంటారు. పదార్థం పాలీప్రొపిలీన్. దీంతో రేడియో కంట్రోల్ విమానాలు కట్టే పద్ధతికి స్పాడ్ అని పేరు, అంటే సింపుల్ ప్లాస్టిక్ ఎయిర్‌ప్లేన్ డిజైన్. బాల్సా చెక్కతో వారాల తరబడి కట్టిన విమానం ఒక్క దెబ్బకి ముక్కలైతే మళ్లీ దాని జోలికి వెళ్లబుద్ధి కాదు. ఈ ప్లాస్టిక్ విమానం ముక్కు నేలకి గుద్దుకున్నా, చాలాసార్లు ప్రొపెల్లర్ మార్చి అదే పూట ఎగరేసుకోవచ్చు. ఎగరేయడం నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి మెటీరియల్ లేదని నా గట్టి నమ్మకం.

అయితే దీని బరువు ఎక్కువ. ఫోమ్ కంటే చాలా ఎక్కువ. పైగా మామూలు జిగుర్లేవీ దీనికి సరిగ్గా అంటుకోవు. ఈ రెండూ తెలియకుండా మొదలుపెట్టినవాళ్లే "ప్లాస్టిక్‌తో విమానం ఎగరదు" అంటుంటారు. గొట్టాలు ఏ వైపు ఉండాలో ముందే తేల్చుకుని, ప్రతి ముక్కనీ తూకం వేసుకుంటూ కడితే హాయిగా ఎగురుతుంది.

షీట్ ఎలాంటిది తీసుకోవాలి

2 మి.మీ. షీట్ చదరపు మీటరుకు సుమారు 300 నుంచి 400 గ్రాములు ఉంటుంది. 4 మి.మీ. షీట్ 700 నుంచి 900 గ్రాములు. మందం ఒకటే అయినా తయారీని బట్టి బరువు మారుతుంది కాబట్టి, కొనేముందు ఒక చిన్న ముక్క తూచి చూడండి. తేలికది దొరికితే అదే తీసుకోండి. 4 మి.మీ. షీట్ పెట్రోలు, గ్లో ఇంజిన్లు పెట్టే పెద్ద మోడళ్లకి సరిపోతుంది. మనం కట్టబోయే చిన్న ఎలక్ట్రిక్ విమానంలో రెక్కకి 2 మి.మీ., బాడీకీ తోకకీ 3 మి.మీ. చాలు.

ఎండలో నెలల తరబడి పడున్న పాత బోర్డు ఉచితంగా వచ్చినా వద్దు. యూవీ రక్షణ లేని పాలీప్రొపిలీన్ ఎండకి పెళుసుబారుతుంది. ఒక మూల మడిచి చూడండి: తెల్లటి గీత పడి ఊరుకుంటే మంచిదే, పటుక్కున విరిగితే పక్కన పడేయండి. గడ్డకట్టే చలిలో కూడా ఈ ప్లాస్టిక్ పెళుసుగా మారుతుంది, అది వేరే సంగతి.

కొలతలు

రెక్క మొత్తం పొడవు 120 సెం.మీ., వెడల్పు 23 సెం.మీ. బాడీ పొడవు 90 సెం.మీ. అందులో ముక్కు నుంచి రెక్క ముందు అంచు దాకా 18 సెం.మీ., రెక్క 23, రెక్క వెనక అంచు నుంచి అడ్డ తోక దాకా 36, మిగిలిన 13 సెం.మీ. తోకది. అడ్డ తోక 42 సెం.మీ. పొడవు, 13 సెం.మీ. వెడల్పు. అంటే రెక్క వైశాల్యంలో సుమారు 20 శాతం. నిలువు తోక 16 సెం.మీ. ఎత్తు, సగటున 15 సెం.మీ. వెడల్పు. రెక్క బాడీ పైన కూర్చుంటుంది. కొత్తవాళ్లకి అదే మంచిది, విమానం కాస్త స్థిరంగా ఉంటుంది.

బ్యాటరీతో కలిపి మొత్తం బరువు 850 నుంచి 950 గ్రాముల మధ్య రావాలి. కిలో దాటితే ఎక్కడో జిగురో చెక్కో ఎక్కువ వాడారన్నమాట.

గొట్టాల దిశ

ఏదైనా కోసేముందు షీట్ చేతిలోకి తీసుకుని రెండు వైపులా వంచి చూడండి. గొట్టాల పొడవునా వంచబోతే మొండికేస్తుంది. అడ్డంగా, అంటే గొట్టాలు ఒకదాని పక్కన ఒకటి తిరిగేలా వంచితే సులువుగా గుండ్రంగా తిరుగుతుంది. విమానం మొత్తం ఈ ఒక్క గుణం మీదే కడతాం.

రెక్కలో గొట్టాలు ఈ కొన నుంచి ఆ కొనకి పరుగెత్తాలి. అప్పుడు రెక్క పొడవునా బలం వస్తుంది, ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన వంపు దానంతటదే కుదురుతుంది, ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) కీలు కూడా గొట్టం వెంటే కోసుకోవచ్చు. బాడీలో గొట్టాలు ముక్కు నుంచి తోకకి ఉండాలి. అడ్డ తోకలో ఎలివేటర్ (దాని వెనక కదిలే పలక) కీలుకి సమాంతరంగా, అంటే కుడి ఎడమలుగా ఉండాలి. నిలువు తోకలో రడ్డర్ (దాని వెనక కదిలే పలక) కీలు నిలువుగా ఉంటుంది కాబట్టి గొట్టాలూ నిలువుగానే. ప్రతి ముక్క మీదా మార్కర్‌తో బాణం గుర్తు వేసుకున్నాకే బ్లేడు పట్టుకోండి.

ఈ ప్లాస్టిక్‌కి విడిగా కీళ్లు కొనక్కర్లేదు. పాలీప్రొపిలీన్ పల్చటి పొర వేలసార్లు మడిచినా తెగదు. సీసా మూతలకి ఉండే ప్లాస్టిక్ కీళ్లు దీంతో చేసేది అందుకే. ఎలా కోయాలంటే: కొత్త బ్లేడు మొనని గొట్టం నోట్లోకి దించి, పదును పైకి తిప్పి, మెల్లగా మీ వైపు లాగండి. పై పొర ఒక్కటే తెగుతుంది, గొట్టానికి రెండు పక్కలా ఉన్న గోడలే బ్లేడుకి దారి చూపిస్తాయి, స్కేలు కూడా అక్కర్లేదు. కీలు కావాల్సిన చోట ఒక గొట్టం వెడల్పు మేర పై పొరని పూర్తిగా తీసేయండి. కింది పొర కీలుగా మిగులుతుంది, పైన వచ్చిన ఖాళీ వల్ల ఐలరాన్ పైకీ కిందికీ రెండు వైపులా కదులుతుంది. కింది పొర మీద చిన్న గాటు పడినా ఆ కీలుని నమ్మకండి. ముక్క మార్చేయండి.

అంటించడం

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. పాలీప్రొపిలీన్ ఉపరితలం జిగురుని దగ్గరకి రానివ్వదు. నీళ్ల చుక్క వేస్తే పూసలా గుండ్రంగా నిలబడి జారిపోతుంది. జిగురుకీ అదే గతి.

దీనికి మందు మంట. చిన్న గ్యాస్ టార్చ్ వెలిగించి, నీలి మంట కొన మాత్రమే తగిలేలా, అంటించాల్సిన చోట మీదుగా వేగంగా ఒక్కసారి పోనివ్వండి. షీట్ కరగకూడదు, మెరుపు మారకూడదు, వంకర పోకూడదు. చెయ్యి ఎక్కడా ఆగకూడదు. ఇప్పుడు అదే చోట నీళ్లు చల్లి చూడండి. పూసలు కట్టకుండా పల్చగా పరుచుకుంటే పని అయినట్టే. మంట వల్ల ఉపరితలం ఆక్సిడైజ్ అవుతుంది, దాంతో జిగురుకి పట్టు దొరుకుతుంది. తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, వేలు పెట్టకుండా వెంటనే అంటించండి. ముందు ఒక వృథా ముక్క మీద నాలుగైదు సార్లు చేసి చేయి కుదుర్చుకోండి.

మంట పెట్టాక సూపర్ గ్లూ బాగా పట్టుకుంటుంది. మంట వద్దనుకుంటే, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, లైటర్ ఫ్లూయిడ్‌తో తుడిచి సూపర్ గ్లూ వేసేవాళ్లున్నారు. అది కూడా పనిచేస్తుంది, కానీ పట్టు కాస్త తక్కువ. ఈ రెండు పద్ధతుల్నీ ఒకే బల్ల మీద కలపకండి. లైటర్ ఫ్లూయిడ్ ఆవిరి ఉన్నచోట టార్చ్ వెలిగిస్తే అంటుకుంటుంది. కిటికీలు తెరిచి పెట్టుకోండి, సూపర్ గ్లూ ఆవిరి కళ్లు మండిస్తుంది.

హాట్ గ్లూ త్వరగా పని కానిస్తుంది, ఖాళీలు నింపుతుంది. కానీ ఎండలో విమానం వేడెక్కితే మెత్తబడి ఊడిపోతుంది, పైగా బరువు. నేను దాన్ని గొట్టాలు నింపడానికే వాడతాను.

ఏ జిగురు వాడినా, విమానం ప్రాణం ఆధారపడ్డ చోట ఒక్క జిగురునే నమ్ముకోవద్దు. మోటారు, స్పార్ (రెక్క లోపలి దూలం), కంట్రోల్ హార్న్‌లు (కదిలే పలకల్ని తిప్పడానికి వాటికి బిగించే చిన్న కొమ్ములు) స్క్రూ, బోల్టు, కేబుల్ టై వీటిలో ఏదో ఒకదానితో బిగించి ఉండాలి. షీట్‌లోకి నేరుగా స్క్రూ దించితే నిలవదు, వెనక చెక్క ముక్క ఉండాలి. బోల్టు బిగిస్తే కింద గొట్టాలు నలిగి వదులవుతాయి. కాబట్టి రంధ్రం పడే రెండు మూడు గొట్టాల్లోకి ముందే హాట్ గ్లూ ఎక్కించి, గట్టిపడ్డాక రంధ్రం చేయండి.

రెక్క

రెక్కని 60 సెం.మీ. చొప్పున రెండు సగాలుగా చేద్దాం. ఒక్కో సగానికి 60 పొడవు, 43 వెడల్పు ఉన్న 2 మి.మీ. షీట్ కావాలి. గొట్టాలు 60 సెం.మీ. పొడవు వెంట ఉండాలి. వెనక అంచు నుంచి 23 సెం.మీ. కొలిచి గీత గీయండి. అది రెక్క ముందు అంచు. ఆ గీత దగ్గర లోపలి పొరని పక్కపక్కనే ఉన్న మూడు గొట్టాల మీద చీల్చి, షీట్‌ని దాని మీదికే మడవండి. ఒక్క గొట్టమే చీలిస్తే ముందు అంచు మరీ పదునుగా వస్తుంది, మూడు చీలిస్తే గుండ్రంగా తిరుగుతుంది. విమానం నెమ్మదిగా ఎగిరేటప్పుడు ఆ గుండ్రటి అంచే కాపాడుతుంది.

స్పార్ కోసం 6 మి.మీ. మందం, 22 మి.మీ. ఎత్తు ఉన్న తేలికపాటి చెక్క పట్టీలు రెండు తీసుకోండి. ముడులు లేనివి ఏరుకోండి. రెండింటినీ మధ్యలో 3 మి.మీ. ప్లైవుడ్‌తో చేసిన 20 సెం.మీ. వి ఆకారపు పలకల్ని ముందూ వెనకా పెట్టి ఎపాక్సీతో కలపండి. ఒక సగం బల్ల మీద పరిస్తే రెండో సగం కొన 6 సెం.మీ. లేవాలి. ఈ వంపుని డైహెడ్రల్ అంటారు, గాలికి పక్కకి ఒరిగిన విమానం తనంతట తాను సర్దుకోవడానికి ఇది తోడ్పడుతుంది.

స్పార్ ముందు అంచు నుంచి 6.5 సెం.మీ. దూరంలో నిలువుగా కూర్చోవాలి. కింది పొర మీద అంటించి, బయట నుంచి ప్రతి 15 సెం.మీ. కి ఒక చిన్న స్క్రూ దించండి. రెండు సగాలూ కలిసే చోట, కొనల దగ్గర, సర్వో (కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటారు) వచ్చే చోట షీట్ ముక్కలతోనే రిబ్‌లు, అంటే రెక్క లోపలి పక్కటెముకలు పెట్టండి. వీటిలో గొట్టాలు ముందు నుంచి వెనక్కి ఉండాలి. సర్వో వైర్లు ఇప్పుడే లోపల లాగేయండి. మూసేశాక వైరు దూర్చడమంత చిరాకు పని ఇంకోటి ఉండదు.

ఇక పై పొరని స్పార్ మీదుగా తెచ్చి, ముందు అంచు నుంచి 18 సెం.మీ. దగ్గర కింది పొరకి అంటించండి. మిగిలింది కోసేయండి. వెనక 5 సెం.మీ. ఒకే పొరగా ఉంటుంది, ఐలరాన్ అక్కడే కోస్తాం. అతికేదాకా పుస్తకాలో ఇటుకలో బరువు పెట్టి కదలకుండా ఉంచండి. బల్ల చదునుగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మెలికతో ఆరిపోయిన రెక్క ఎప్పటికీ ఒక పక్కకే లాగుతుంది, ట్రాన్స్‌మిటర్‌లో ఎంత ట్రిమ్ చేసినా (కదిలే పలకల్ని కొద్దిగా సర్దినా) వేగం మారగానే మళ్లీ అదే తంతు.

ఐలరాన్ ఒక్కో వైపు 38 సెం.మీ. ఉండొచ్చు. ఒకే పొర కాబట్టి మెలి తిరిగి గాలికి కొట్టుకునే ప్రమాదం ఉంది. వెనక అంచు దగ్గరి గొట్టంలోకి 1 మి.మీ. స్టీలు తీగ దూర్చి, హార్న్‌ని ఐలరాన్ మధ్యలో బిగించండి. చివరగా రెండు సగాల అతుకు చుట్టూ వెడల్పాటి ఫైబర్ టేపు వేయండి. రబ్బరు బ్యాండ్లు ఒత్తే చోట వెనక అంచుకి ఒక గట్టి ప్లాస్టిక్ పట్టీ అంటిస్తే అంచు తెగదు.

బాడీ, తోక

90 పొడవు, 31.5 వెడల్పు ఉన్న 3 మి.మీ. షీట్ తీసుకుని, 7.5 సెం.మీ. కి ఒకటి చొప్పున నాలుగు గీతలు గీయండి. ప్రతి గీత దగ్గర లోపలి పొరలో ఒక గొట్టం వెడల్పు తీసేసి మడిస్తే చదరపు పెట్టె తయారు. మిగిలిన 1.5 సెం.మీ. అతుక్కి. తోక వైపు సన్నగా చేయాలనిపిస్తుంది, మొదటి విమానానికి అవసరం లేదు. చదరంగానే ఉంచండి. చక్రాలు కూడా వద్దనే చెప్తాను. బరువు తగ్గుతుంది, గడ్డి నేల మీద పొట్టతో దించితే ఈ ప్లాస్టిక్‌కి ఏమీ కాదు.

ముక్కులో 4 మి.మీ. ప్లైవుడ్ ఫైర్‌వాల్, అంటే మోటారు బిగించే పలక. వెనక నాలుగు మూలల్లో చెక్క దిమ్మలు పెట్టి, బయట నుంచి స్క్రూలు దించండి. రెక్క ముందూ వెనకా బాడీకి అడ్డంగా రెండు గుండ్రటి చెక్క పుల్లలు దూర్చండి, రబ్బరు బ్యాండ్లు వాటికే తగిలిస్తాం. రెక్కని బోల్టులతో బిగించొచ్చు కదా అనుకోవచ్చు. దెబ్బ తగిలినప్పుడు రెక్క పక్కకి జారిపోవాలంటే రబ్బరు బ్యాండ్లే మేలు. ఒక్కో వైపు కనీసం నాలుగు వేయండి.

అడ్డ తోకలో 4 సెం.మీ. ఎలివేటర్‌కి. రెక్క అడుగు, అడ్డ తోక ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. వెనక నుంచి నిలబడి చూస్తే అడ్డ తోక రెక్కతో సమంగా, నిలువు తోక సరిగ్గా నిటారుగా కనిపించాలి. రెక్క రెండు కొనల నుంచి తోక మధ్యకి దారంతో కొలిచి, రెండు దూరాలూ ఒకటేనని చూసుకున్నాకే అంటించండి.

మోటారు, మిగతా సామాను

2212 సైజు, 1000 కేవీ (వోల్టుకి నిమిషానికి 1000 చుట్లు) బ్రష్‌లెస్ మోటారు, 30 ఆంపియర్ల ఇఎస్‌సి (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), 10x4.5 అంగుళాల ప్రొపెల్లర్, 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీ. ఈ జోడీ సుమారు 800 గ్రాముల తోపుడు ఇస్తుంది, 900 గ్రాముల ట్రైనర్‌కి అది ధారాళం. 9 గ్రాముల సర్వోలు నాలుగు. మోటారుని ఫైర్‌వాల్‌కి బిగించేటప్పుడు వాషర్లు పెట్టి రెండు మూడు డిగ్రీలు కుడికి, అంతే కిందికి వాల్చండి. లేదంటే థ్రాటిల్ పెంచగానే ఎడమకి లాగుతూ ముక్కు లేపుతుంది.

సెట్టింగులన్నీ ప్రొపెల్లర్ తీసేసి చేయండి. ఇందులో మినహాయింపు లేదు. స్టిక్ కుడికి తోస్తే కుడి ఐలరాన్ పైకి లేవాలి, ఎలివేటర్ స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. మొదట ఐలరాన్ అటూ ఇటూ 12 మి.మీ., ఎలివేటర్ 10 మి.మీ., రడ్డర్ 20 మి.మీ. కదిలితే చాలు. ట్రాన్స్‌మిటర్ ఆపేస్తే మోటారు ఆగిపోయేలా ఫెయిల్‌సేఫ్ పెట్టండి.

లైపోని 2.2 ఆంపియర్ల దగ్గర, మీరు పక్కనే ఉండగా ఛార్జ్ చేయండి. వాడని రోజుల్లో సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడొద్దు.

బ్యాలెన్స్

బ్యాటరీతో సహా అన్నీ పెట్టి, రెక్క ముందు అంచు నుంచి 6 సెం.మీ. దగ్గర రెండు వేళ్ల మీద ఎత్తండి. విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు కొద్దిగా వంగాలి. సమంగా నిలిచే చోటు 7 సెం.మీ. దాటి వెనక్కి పోతే ఎగరేయొద్దు. ముక్కు బరువున్న విమానం బద్ధకంగా ఎగురుతుంది, తోక బరువున్న విమానం చేతికి చిక్కదు. ప్లాస్టిక్ తోక బరువు కాబట్టి మొదటిసారి చాలామందికి తోకే వాలుతుంది. సీసం ముక్కలు కలిపేముందు బ్యాటరీని ముందుకి జరపండి. అందుకే బ్యాటరీ పెట్టే చోటు చివర్లోనే ఖాయం చేయాలి.

ఎగరేసే రోజు

మీ ప్రాంతంలో మోడల్ విమానాలకున్న నిబంధనలు ముందే చూసుకోండి. మనుషులు లేని, గడ్డి ఉన్న విశాలమైన చోటు ఎంచుకోండి. గాలి నెమ్మదిగా ఉన్న ఉదయం పూట వెళ్లండి. ట్రాన్స్‌మిటర్ రేంజ్ చెక్ చేయండి. తెలిసినవాళ్లు పక్కనుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. వాళ్లు విసిరితే మీ రెండు చేతులూ స్టిక్‌ల మీదే ఉంటాయి.

గాలికి ఎదురుగా, ముప్పావు థ్రాటిల్‌తో, సమంగా విసరాలి. ఆకాశంలోకి ఎత్తి విసిరితే వేగం చాలక కూలుతుంది. విసిరేవాళ్ల చెయ్యి ప్రొపెల్లర్‌కి దూరంగా, రెక్క వెనక బాడీ కింద ఉండాలి. ఎత్తుకి వెళ్లాక థ్రాటిల్ సగానికి తగ్గించి, ట్రిమ్ సరిచేసుకోండి. ఫోమ్ విమానం కంటే ఇది కొంచెం వేగంగా దిగుతుంది కాబట్టి, నేలకి దగ్గరయ్యేదాకా కాస్త థ్రాటిల్ ఉంచండి.

కిందపడితే

మడత పడ్డ చోట తెల్లటి గీత కనిపిస్తుంది. దాన్ని వెనక్కి వంచి సరిచేసి, గీతకి అటూ ఇటూ 5 సెం.మీ. వచ్చేలా గొట్టాల్లోకి సన్నటి తీగలు దూర్చి, పైన ఫైబర్ టేపు వేస్తే సరిపోతుంది. ప్రొపెల్లర్‌కి చిన్న గీత పడినా మార్చేయండి. ఫైర్‌వాల్ స్క్రూలు, హార్న్‌లు, సర్వో గేర్లు చేత్తో కదిపి చూడండి. రెక్క కొనలు పట్టుకుని మెల్లగా వంచినప్పుడు మధ్యలో కిర్రుమంటే స్పార్ చిట్లిందని అర్థం. పై పొర విప్పి, పట్టీ మార్చాకే మళ్లీ విసరండి.